అతిథికి కొత్త ఆకు

చచ్చిపోయినవాడి ముందు టీ ఇంకా గోరువెచ్చగా ఉంది.

గ్వాంగ్‌జౌలో నది పక్క హోటల్ గది. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పేరు లియాంగ్. దొంగమందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ మేస్త్రీ. తనకి తెలిసింది యూరప్ కోర్టులో చెబుతానని ఒప్పుకున్నవాడు. గుండె ఆగి పోయాడని డాక్టరు రాశాడు. గుండె ఆగకుండా పోయినవాడు ఎక్కడా లేడు కాబట్టి ఆ మాటని ఎవరూ కాదనలేదు.

బల్ల మీద టీ పళ్ళెం. పళ్ళెంలో వెంట్రుకవాసి తేడా లేకుండా పేర్చిన మూడు చిన్న కప్పులు.

గదిలో ముగ్గురు కూర్చున్నారని పోలీసులు లెక్కకట్టారు. లియాంగ్‌తో కలిపి ముగ్గురు. మిగతా ఇద్దరి కోసం వెతుకుతున్నారు.

ఆ ఫోటో మర్నాడు చావ్‌జౌలో పాణి సెల్‌ఫోన్‌కి చేరింది.

పాణి అప్పుడు క్లాసులో ఉన్నాడు. కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పడం అతని ఉద్యోగం. నడుముకి చిన్న లౌడ్‌స్పీకరు, చెవి పక్కనుంచి నోటి దాకా మైకు. అక్కడ టీచర్లందరూ కట్టుకునేదే, దాన్ని చిన్న తేనెటీగ అంటారు. పాణి తేనెటీగలో ఇంకో యంత్రం కూడా ఉంది. అది ఊళ్ళో అమర్చిన రహస్య మైకుల్లో మాటలన్నీ అతని చెవికి చేరుస్తుంది. పాణిని అక్కడివాళ్ళు పాన్ మాస్టారు అంటారు. వాళ్ళకి తెలిసినంతవరకు అతను ఎక్కడో ఇండియా పల్లెటూళ్ళో పుట్టి, పొట్టకూటికి చైనా వచ్చి, చావ్‌జౌ పిల్లని చేసుకుని, ఆమె పోయాక కూడా వెళ్ళకుండా అక్కడే పాతుకుపోయిన మనిషి. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. చెప్పనిది ఒక్కటే ఉంది.

"మాస్టారూ," వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. ఇంగ్లీషు పేరు పెట్టుకోమంటే సెవెన్ అని పెట్టుకున్న పిల్ల. "మీరు ఇంగ్లీషువాళ్ళు కాదు కదా. ఎవరి ఇంగ్లీషు నేర్పుతున్నారు మాకు?"

"ఎంగిలిది. నేను తినగా మిగిలింది. కూర్చో."

క్లాసంతా నవ్వింది. పాణి నవ్వలేదు. నాలుగేళ్ళుగా అతను నవ్వగా ఆ కాలేజీలో ఎవరూ చూడలేదు. ఇండియా వాళ్ళు అంతే కాబోలనుకున్నారు.

సెల్‌ఫోన్ వణికింది. టీచర్లని ఉద్యోగాల్లో చేర్పించే ఏజెంట్ నుంచి మెసేజ్. అలాంటివి విదేశీ టీచర్లకి రోజుకి పది వస్తాయి. "కున్మింగ్ కిండర్‌గార్టెన్‌లో ఇంగ్లీషు టీచర్ కావాలి. తెల్లవాళ్ళకి ప్రాధాన్యం. పియానో తప్పనిసరి."

పియానో అంటే హత్య. తప్పనిసరి అంటే ఇంకొకటి జరగబోతోందని.

పాణి బోర్డు మీది అక్షరాలు తుడిచాడు. "రేపు పరీక్ష పెడతాను," అన్నాడు. రేపు తను ఉంటాడో లేదో తెలియనప్పుడల్లా ఆ మాటే అంటాడు.

*

గొడ్డుమాంసం ఉండల సూప్ అమ్మే కొట్టు. వంటవాళ్ళు ఇద్దరు ఇనపకడ్డీలతో మాంసాన్ని దబదబా బాదుతుంటారు. ఆ చప్పుడులో ఒక బల్ల దగ్గరి మాట పక్క బల్లకి వినపడదు. అందుకే అక్కడ కలుస్తారు.

హో అప్పటికే రెండు గిన్నెలు ఖాళీ చేశాడు. కౌలాలంపూర్ మనిషి, లావుపాటి ఒళ్ళు, నవ్వు మొహం. జనానికి టీచర్ల ఏజెంట్. నిజానికి దక్షిణ చైనాలో ఢిల్లీ గూఢచారి డిపార్ట్‌మెంట్ మనుషులందరికీ పై అధికారి.

"కప్పులు చూశావా మాస్టారూ?"

"చూశా. మీ మూడో మనిషి లేడు."

"పోలీసులు సీసీ కెమెరాలన్నీ తిరగేస్తున్నారు."

"వాళ్ళు గ్వాంగ్‌జౌ పోలీసులు. మా ఊళ్ళో టీకి ఇద్దరు కూర్చున్నా, ముగ్గురు కూర్చున్నా, పదిమంది కూర్చున్నా కప్పులు మూడే. ఉన్న మూడింటినే కడిగి కడిగి తిప్పుతారు. రెండు పెట్టమన్నా ఇక్కడ పెరిగిన చెయ్యి పెట్టలేదు. హోటల్ గదిలో మనిషిని చంపడానికి కూర్చుని కూడా మూడే పెట్టింది. చంపిన మనిషి ఒక్కరే. చావ్‌జౌ రక్తం."

హో చెంచా కింద పెట్టాడు. "మా ఊరు అంటున్నావే. మీ ఊరెప్పుడైంది?"

"పెళ్ళాన్ని మట్టిలో పెట్టిన ఊరు ఎవడికైనా సొంతూరే."

హో గిన్నె పక్కకి జరిపాడు. తర్వాత చూపు ఎత్తినప్పుడు అతని మొహంలో నవ్వు లేదు.

"లియాంగ్‌కి కాపలా పెట్టింది రత్తనాని."

రత్తనా సే-ఎంగ్. బ్యాంకాక్‌లో పుట్టింది. తాతల కాలంలో ఓడెక్కి వెళ్ళిన చావ్‌జౌ కుటుంబం. డిపార్ట్‌మెంట్‌లో ఆమెని మించిన తుపాకీ లేదు, ఆమెని మించిన అందమూ లేదు. ఎక్కడికి వెళ్ళినా తెల్లబట్టలే కడుతుంది, మరక పడగా చూసినవాళ్ళు లేరు.

"ఇప్పుడు ఎక్కడుంది?" తెలిసే అడిగాడు.

"మీ మావగారింట్లో. వారం నుంచీ. రెండో సాక్షికీ ఆమే కాపలా, కోర్టు పంపిన మనిషిగా. నిన్న ఒక్కరోజు గ్వాంగ్‌జౌ వెళ్ళొచ్చింది."

మాంసం బాదే కడ్డీల చప్పుడు ఒక్కసారి పెరిగినట్టు అనిపించింది పాణికి.

రెండో సాక్షి వెంగ్ షావ్‌జియెన్. మందుల తయారీలో జీవితమంతా గడిపి రిటైరైన కెమిస్టు. నాలుగేళ్ళ కింద ఆయన కూతురు, పాణి పెళ్ళాం పేయూకి ఊపిరితిత్తుల జ్వరం పట్టింది. కొన్న మాత్రల్లో మందు లేదు, పిండి ఉంది. కూతురు పోయింది. మిగిలిన మాత్రల్ని ముసలాయన వెనకగదిలో పెట్టుకుని నెలల తరబడి పరీక్షలు చేశాడు. అదే పిండి, అదే పాళ్ళు, అదే చెయ్యి. ఆఫ్రికాలో పిల్లల్ని చంపిన మలేరియా మాత్రల్లోనూ అదే. ఐదు దేశాల మనుషులున్న ముఠా అది. దాని పెద్దని వైద్యుడు అంటారు. అతని మొహం ఎవరికీ తెలియదు. ఇప్పుడు లియాంగ్ లేడు. ఇక ముసలాయన ఒక్కడు కోర్టులో నిలబడితేనే కేసు. ఆయన పోతే ఆ పిండి మళ్ళీ బజారుకెక్కుతుంది, మళ్ళీ ఎవరి పెళ్ళామో, ఎవరి పిల్లో.

"సాయంత్రం ఫ్లైట్," అన్నాడు హో. "కారు ముఠాదే, డ్రైవర్ వాళ్ళ మనిషే. ఇవాళ పొద్దున తెలిసింది. టోల్‌గేట్ దగ్గర కారు చెడిపోతుంది, మన కారు వస్తుంది. అక్కణ్ణుంచి మన వాళ్ళు చూసుకుంటారు. ఇంట్లోంచి బయటికి ప్రాణంతో రావాలి, అంతే."

"ఇప్పుడే వెళ్ళి ఆమెని కాల్చేస్తా."

"కాల్చవు. పట్టుకోవు. అనుమానం కూడా రానివ్వవు. ఇది ఆర్డర్. పట్టుకుంటే ఆమె ఒక్కతే దొరుకుతుంది. పని చెడింది దురదృష్టం వల్లేనని నమ్మి వెళ్ళిందంటే, తిన్నగా వైద్యుడి దగ్గరికి వెళుతుంది. వెనక మనవాళ్ళు. పైగా వాకిట్లో డ్రైవర్ ఉన్నాడు, జేబులో తుపాకీ ఉంది. నువ్వు అరిచావంటే ముసలాయన మొదటి తూటాకే పోతాడు."

"నేనెవరో ఆమెకి తెలుసా?"

"అల్లుడివని తెలుసు. అంతకంటే తెలియదు. ముసలాయనకీ తెలియదు కదా?"

"తెలియదు."

"నాలుగేళ్ళైంది. చెప్పేసి ఉంటే నీ గురించి ఆయన—"

"చెప్పొద్దని ఆర్డర్ వేసింది నువ్వే."

హో డబ్బులు బల్ల మీద పెట్టి లేచాడు.

*

పాణి ఊరి కోటగోడ పక్కగా నడిచాడు. పాత ఊరి సందులు. గుమ్మాల ముందు బొగ్గుల కుంపట్లు, కుంపట్ల మీద చిన్న కెటిళ్ళు. పనిలేని మగవాళ్ళు, పని ఎగ్గొట్టిన మగవాళ్ళు. "పాన్ మాస్టారూ, టీ తినిపోండి!" అని ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. అక్కడ టీ తాగరు, తింటారు. అన్నం లేకపోయినా పర్వాలేదు, అది లేకపోతే రోజు గడవదు.

చెవిలో తేనెటీగ పలికింది. ముసలాయన ఇంట్లో దేవుడి దీపం కింద డిపార్ట్‌మెంట్ మైకు ఉంది. రత్తనా గొంతు. డ్రైవర్‌తో మాట్లాడుతోంది.

"ఆకులోనే ఉంది. మొదటి నీళ్ళు ఎలాగూ పారబోస్తాం కదా, అందులో దిగదు. రెండో నీళ్ళలో దిగుతుంది. విమానం ఎక్కేదాకా రాయిలా ఉంటాడు. గాల్లో పోతాడు. ముసలాడు, దూర ప్రయాణం... ఎవరడుగుతారు?"

"నువ్వు తాగవా?"

"పోసినవాళ్ళు చివర తాగాలి. నాకు పొద్దుట్నుంచీ కడుపునొప్పి."

"తేడా వస్తే?"

"ఉన్నది ఒక్క మోతాదే, రెండోసారి లేదు. నా మీద అనుమానం వస్తే మాత్రం నీ పని నువ్వు చెయ్."

పాణి నడక మార్చలేదు. పరిగెత్తే విదేశీయుణ్ణి ఊరంతా చూస్తుంది. ఆలోచన మాత్రం పరిగెత్తింది. ఒక్కటే దారి ఉంది, అది కూడా అతని అవమానంలోంచి వచ్చిందే.

చావ్‌జౌలో టీ మధ్యలో కొత్త మనిషి వచ్చాడంటే టీ కుండలో ఆకు ఎంత తాజాదైనా తీసి పారేయాలి. కొత్త ఆకు వేయాలి. ఒకరి కోసం వేసిన ఆకుని ఇంకొకరికి పోస్తే మొహం మీద ఉమ్మినట్టే. ఇంట్లోవాళ్ళకి ఆ మర్యాద లేదు. కొడుకొచ్చినా, అల్లుడొచ్చినా ఉన్న ఆకులోంచే ఒక కప్పు.

పేయూ బతికున్నప్పుడు పాణికి ఉన్న ఆకే పోసేవారు. పేయూ ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉన్నప్పుడు పాణి మిషన్‌లో ఉన్నాడు. ఫోన్ ఆపేసి ఉంది. కున్మింగ్‌లో టీచర్ల ట్రైనింగ్ అని చెప్పి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కొండ మీద మట్టి ఇంకా తడిగా ఉంది. ముసలాయన తిట్టలేదు, ఏడవలేదు. పాణి గుమ్మంలో కనిపించగానే కుండ వంచి ఆకు పారేశాడు. కొత్త ఆకు వేశాడు. "కూర్చోండి పాన్ మాస్టారు గారూ," అన్నాడు. ఆ రోజు నుంచి ఎప్పుడు వెళ్ళినా అదే. అల్లుడూ అన్న మాట లేదు. ఆకు మార్చని రోజు లేదు.

ఆ చెంపదెబ్బ తినడానికే పాణి నెలకోసారి వెళ్ళేవాడు.

ఇవాళ ఆ దెబ్బ కోసమే గబగబా అడుగులు వేశాడు. తను గుమ్మంలో కనిపిస్తే చాలు. ముసలాయన పగే ముసలాయన్ని కాపాడుతుంది.

*

వాకిట్లో కారు. కారుకి ఆనుకుని డ్రైవర్, చెయ్యి కోటు జేబులో. పాణి అతనికి తల ఊపి లోపలికి నడిచాడు.

నడిమింట్లో ముసలాయన కూర్చుని ఉన్నాడు. ప్రయాణానికి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆయన ఎదురుగా రత్తనా. తెల్ల సిల్కు జాకెట్టు, మెడలో ఒక్క ముత్యం. మొదటి నీళ్ళు పళ్ళెంలో పారబోసి ఉన్నాయి. రెండో నీళ్ళు కుండలోంచి దిగుతున్నాయి. ఆమె చెయ్యి మూడు కప్పుల మీదుగా గుండ్రంగా తిరుగుతోంది, ఒక కప్పులో చిక్కన ఒక కప్పులో పలచన కాకుండా. ఆ చెయ్యి ఏ వంశంలో పెరిగిందో చెప్పనక్కర్లేదు.

"బావగారొచ్చారు పెద్దనాన్నా!" అంది రత్తనా. ఎంగ్ అన్నా వెంగ్ అన్నా ఇంటిపేరు ఒకటేనని వారంలోనే వరసలు కలిపేసుకుంది. "ఏబీసీడీలు అయ్యాయా బావా? మీ తెల్ల యజమానులు సెలవిచ్చారా?"

"ఇచ్చారు."

ఆమె చెయ్యి కుండ మూత మీదకి వెళ్ళింది. అతిథి వస్తే ఏం చేయాలో ఆమె రక్తానికి తెలుసు. కళ్ళు మాత్రం ముసలాయన మీదే ఉన్నాయి. గండం అటుపోతుందో ఇటుపోతుందో అన్నట్టు.

"ఉండమ్మా," అన్నాడు ముసలాయన. "మార్చొద్దు."

పాణి కుండ వైపు చూశాడు.

"ఎవరొచ్చారని మారుస్తావ్? గాగీనాం."

మనవాడే అని. చావ్‌జౌవాళ్ళు ప్రపంచంలో ఏ మూలకి వెళ్ళినా ఒకళ్ళనొకళ్ళు ఆ ఒక్కమాటతో గుర్తుపడతారు. పరాయివాణ్ణి ఆ మాట అనరు. పాణిని నాలుగేళ్ళుగా అనలేదు.

రత్తనా చెయ్యి మూత మీది నుంచి మెల్లగా వెనక్కి వచ్చింది. ఆమె పెదవుల మీద నవ్వు విచ్చుకుంది. పూర్తిగా, తీరిగ్గా.

"కూర్చో అల్లుడూ," అన్నాడు ముసలాయన. అలవాటు తప్పిన మాట ఆయన నోట్లో సరిగా ఇమడలేదు. "ముసలాణ్ణి. అంత దూరం వెళుతున్నా, తిరిగొస్తానో లేదో. మొన్న పేయూ గది తెరిచా. నీ పుస్తకాలు అలాగే ఉన్నాయి. నీ చెప్పులు కూడా. పారేద్దామనుకున్నా ఇన్నాళ్ళూ... చేతులు రాలేదు." జేబులోంచి ఇంటి తాళం చెవి తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది నీ దగ్గర ఉంచు. దాని ఫోటో ముందు అగరొత్తులు వెలిగించడానికి ఎవరో ఒకరుండాలి. నువ్వు రాలేదని నేను నిన్ను... సరే. ఎందుకు రాలేదో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడూ అడగను. దానికి నువ్వంటే ఇష్టం. అంతే."

రెండు చేతులతో ఒక కప్పు పాణి ముందుకి జరిపాడు. రెండోది తను తీసుకున్నాడు.

రోజూ కలల్లో పాణి ఈ మాటలు విన్నాడు. ఇంత వరసగా, ఇంత మెత్తగా కలల్లో కూడా ఆయన అనలేదు.

కుండ చెయ్యి తగిలి పడిపోయినట్టు పడగొట్టవచ్చు. అది మొదటి ఏడాది ట్రైనింగ్‌లో నేర్పే పాఠం. రత్తనా కూడా ఆ బళ్ళోనే చదివింది. డ్రైవర్ కారు దగ్గర్నుంచి కదిలి గుమ్మానికి ఆనుకున్నాడు. చెయ్యి జేబులోనే ఉంది.

ముసలాయన కప్పు ఎత్తాడు. ఏ బళ్ళోనూ నేర్పనిది ఒక్కటే మిగిలింది.

"కొత్త ఆకు వెయ్యండి," అన్నాడు పాణి.

కప్పు ఆగింది. "ఏంటి?"

"ఇంటికొచ్చినవాడికి వాడేసిన ఆకు పోస్తే దాన్నేమంటారో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు వెంగ్ గారూ."

వెంగ్ గారూ. మావయ్యా కాదు. ఆ మాటకి రత్తనా కూడా తల తిప్పి చూసింది.

"నువ్వు అతిథివా?" ముసలాయన మెల్లగా అడిగాడు. కోపం ఇంకా రాలేదు, అర్థం కాలేదు అంతే. దానికంటే కోపమే నయం. కప్పు ఇంకా ఆయన పెదవి దగ్గరే ఉంది. ఆవిరి గడ్డానికి తగులుతోంది.

"కాకపోతే ఎవర్ని? మీ అమ్మాయి పోయింది. దాంతోనే వరస పోయింది. పోయినవాళ్ళకి అగరొత్తులు వెలిగిస్తూ కూర్చోవడానికి నేను చావ్‌జౌవాణ్ణి కాను. వచ్చే నెల పెళ్ళి చేసుకుంటున్నా. ఆ మాట చెప్పిపోదామనే వచ్చా. ఈ తాళంచెవి ఇంకెవరికైనా ఇచ్చుకోండి."

తాళంచెవిని వేలితో వెనక్కి నెట్టాడు. అది బల్ల అంచు దాటి నేల మీద పడింది.

కెటిల్ ఒక్కటే కుతకుతలాడుతోంది.

ముసలాయన కప్పుని ఇంకాస్త ఎత్తాడు. ఒక్క గుక్కలో తాగేసి, గిన్నెలు సర్దించి, తనని బయటికి గెంటేస్తాడేమోనని పాణికి తోచింది. ఆయన పెదవి కప్పు అంచుని తాకింది.

అప్పుడు ఆయన చెయ్యి వంగింది. టీ పళ్ళెంలోకి పోయింది. రెండో కప్పూ పోయింది. మూడోదీ పోయింది. కుండ అందుకున్నాడు.

"పెద్దనాన్నా, వద్దు! కోపంలో మంచి ఆకు పారేస్తారా? ఫీనిక్స్ కొండ మీద ముసలి చెట్టుది. మీ కోసం వెతికి తెచ్చా. ఈ మనిషి కోసం—"

"అతిథి అడిగాడు." ఆయన రత్తనా వైపు చూడలేదు. "వెంగ్ వాళ్ళింట్లో అతిథి అడిగాక పాత ఆకు ఉండదు. వాడు పగవాడైనా సరే. మీ బ్యాంకాక్‌లో ఈ మాత్రం నేర్పలేదా?"

కుండ బోర్లించాడు. నల్లటి ఆకు ముద్దగా బొగ్గు బకెట్‌లో పడింది. దాని మీద మరిగే నీళ్ళు పోశాడు.

రత్తనా మొహం తెల్లబట్టలతో కలిసిపోయింది. ఒక్క క్షణమే. తర్వాత సర్దుకుంది. సిగ్గుపడిన ఆడపిల్లలా తల వంచుకుంది. "తప్పయింది పెద్దనాన్నా," అంది. గుమ్మంలో డ్రైవర్ ఆమె వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా, కనీకనిపించకుండా ఆడించింది. దురదృష్టం. అంతే.

ముసలాయన అల్మరాలోంచి తన డబ్బా తెచ్చాడు. కుండ కడిగాడు, మరిగే నీళ్ళతో కప్పులు కడిగాడు, ఆకు వేశాడు. ఒక్క మర్యాద కూడా తగ్గించలేదు. మొదటి కప్పు రెండు చేతులతో అతిథికి ఇచ్చాడు. పాణి పరాయివాళ్ళు చేసినట్టే రెండు వేళ్ళతో బల్ల మీద తట్టి కృతజ్ఞత చెప్పాడు. తాగాడు.

మూడు సార్లు పోశాడు ముసలాయన.

"టీ బాగుందా పాన్ మాస్టారు గారూ?"

"బాగుంది."

"దారి తెలుసు కదా."

రత్తనా గుమ్మం దాకా వచ్చింది. ఆమె ఒంటి నుంచి మల్లెపూల అత్తరు వాసన వేస్తోంది.

"పెళ్ళికూతురెవరు బావా?"

"మీకు తెలియదు."

"పాపం ముసలాయన." ఆమె గొంతులో నిజమైన అసహ్యం ఉంది. "నువ్వు మనిషివేనా? నీలాంటి అల్లుడు పగవాడికి కూడా వద్దు."

పాణి ఆమెకి నమస్కారం పెట్టి సందులోకి దిగాడు. అతను మలుపు తిరిగేదాకా ముసలాయన నేల మీది తాళంచెవిని తీయలేదు. తర్వాత తీశాడేమో పాణి చూడలేదు.

*

కారు టోల్‌గేట్ దగ్గర చెడిపోయింది. ఇంకో కారు వచ్చింది. ముసలాయన విమానమెక్కాడు, దిగాడు, కోర్టులో నిలబడ్డాడు. కూతుర్ని చంపిన మాత్రని చేత్తో పట్టుకుని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మాట్లాడాడట. వాళ్ళ లాయర్లు ఆయన్ని కదిలించలేకపోయారు. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి.

రత్తనా బ్యాంకాక్ వెళ్ళింది, అక్కణ్ణుంచి పెనాంగ్ వెళ్ళింది. తన తప్పేమీ లేదని, ఒక చదువుకున్న మూర్ఖుడు అడ్డొచ్చాడని పై వాళ్ళకి చెప్పుకోవడానికి. వైద్యుడు ఒక పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని దొరికాడు. ఆమె పక్కగదిలో దొరికింది. తెల్లబట్టల మీద ఆ రోజు మరక పడిందని విన్నవాళ్ళు చెప్పారు.

ముసలాయన తిరిగొచ్చాక పాణి ఒకసారి వెళ్ళాడు. నిజం చెప్పడానికి డిపార్ట్‌మెంట్ ఒప్పుకోలేదు. అప్పీలు నడుస్తోంది, సాక్షికి మన సంగతి తెలిస్తే సాక్ష్యం చెల్లదన్నారు. అప్పీలు ఎన్నాళ్ళు నడుస్తుందో వాళ్ళకీ తెలియదు. ముసలాయనకి ఎన్నేళ్ళున్నాయో ఎవరికీ తెలియదు. ఆయన తలుపు తీశాడు. లోపలికి రమ్మన్నాడు. అల్మరాలో అన్నిటికంటే ఖరీదైన డబ్బా తీశాడు. కొత్తగా పెళ్ళైనవాణ్ణి ఉత్త చేతులతో పంపకూడదని ఒక జత ఎర్ర దుప్పట్లు కూడా చేతిలో పెట్టాడు. పాణి ఆ దుప్పట్లు తెచ్చి బీరువాలో పెట్టాడు. ఆ తర్వాత ఆ సందులోకి వెళ్ళలేదు.

వర్షాల రోజుల్లో ఒక మధ్యాహ్నం మాంసం ఉండల కొట్లో హో కనిపించాడు. అతను ఇబ్బందిగా కుర్చీలో కదిలాడు.

"ఒక చిన్న సంగతి మాస్టారూ. ఆ రోజు దీపం కింద మైకులో అన్నీ రికార్డయ్యాయి. వచ్చే నెల పెళ్ళన్నావు. నీ ఫైల్లో ఎక్కడా లేదు. ఢిల్లీ అడుగుతోంది."

"ఏమని?"

"పెళ్ళికూతురి వివరాలు కావాలట. మన మనిషి విదేశీ స్త్రీని చేసుకోవాలంటే ముందు ఆమె నేపథ్యం పరిశీలించాలి కదా. అనుమతి లేకుండా చేసుకుంటే క్రమశిక్షణ చర్య." హో తల దించుకున్నాడు. "అది అబద్ధమని నేను చెప్పా. రాతపూర్వకంగా నువ్వే చెప్పాలట."

పాణి గిన్నెలో మిగిలిన ఉండని నమిలి మింగాడు. తీరిగ్గా మూతి తుడుచుకున్నాడు.

"అబద్ధమని ఎందుకు రాయాలి? రాసుకో. పేరు వెంగ్ పేయూ. పుట్టింది చావ్‌జౌ. తండ్రి కెమిస్టు. ప్రస్తుత చిరునామా ఊరవతల కొండ. నేపథ్యం ఒకసారి పరిశీలించారు. మళ్ళీ పరిశీలిస్తామంటే ఆమెకి తొందరేం లేదు."

హో ఒక్క అక్షరం మార్చకుండా పంపించాడు.

పదిహేను రోజుల్లో ఢిల్లీ నుంచి జవాబు వచ్చింది. అభ్యంతరం లేదు.